ఆదాయము, వ్యయము, ఒక ఆరేండ్ల పిల్లవాడు

(ఉగాది సభలో చదివిన ప్రసంగపాఠము)



ఉగాదినాడు పంచాంగశ్రవణము చేసి, ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత అని లెక్క చూచుకొనుట తెలుగువారి ఆచారము. ఈ ప్రసంగమునకు విషయము కూడ ఆదాయవ్యయములే. అయితే ఇవి ఒక ఇంటివి. ఇందలి తల్లి ఫలానా వ్యక్తి కాదు; ముంబయిలో ఆంటాప్ హిల్ క్వార్టర్లలో అట్టి ఇల్లాలిని ఊహించుకొనుట ఈ సభవారికి కష్టము కాదు. భర్త ఉద్యోగములో ఉండగానే గతించినాడు. కారుణ్యనియామకముపై ఆమెకు గుమాస్తా కొలువు దొరకినది. కూతురికి పదకొండేండ్లు, కొడుకునకు ఆరు. అత్తవారును, పుట్టింటివారును శ్రీకాకుళము వైపువారు.

పిల్లవానికి జ్వరము వచ్చి తగ్గలేదు. ఎండదెబ్బ అన్నవారు కలరు, దిష్టి అన్నవారు కలరు. దెబ్బ తగలకయే మోకాళ్ళక్రింద కమిలిన మచ్చలు కనబడినవి. రక్తపరీక్ష, ఎముకమజ్జ పరీక్ష ముగిసిన పిమ్మట వైద్యులు చెప్పిన పేరు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకీమియా. పిల్లలకు వచ్చు క్యాన్సర్లలో ఇది మిక్కిలి సామాన్యమైనది. "ఎన్నాళ్ళు పట్టును?" అని ఆమె అడిగినది. రెండేండ్లు దాటునని వారు చెప్పినారు.

ఇచ్చట ఒక తెలుగువాని మాట రాక తప్పదు. 1895లో భీమవరములో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావును తండ్రి పోయిన పిమ్మట తల్లి వెంకమ్మ కష్టపడి చదివించినది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమునకు విరోధులైన మందులు తయారైనవి. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ వానిలో అమినాప్టెరిన్ అనుదానిని లుకీమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితము ప్రకటించెను: పదునారుగురిలో పదిమందికి తాత్కాలికముగా జబ్బు లొంగినది. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూసెను. ఆ మందునకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని ఈ వైద్యములో వాడుకలో ఉన్నది. ధనికదేశములలో ఇప్పుడు ఈ జబ్బు వచ్చిన పిల్లలు పదిమందిలో ఎనిమిదిమందికి పైగా బ్రతికి బయటపడుచున్నారు.

ఆ మాత్ర ఖరీదైనది కాదు. మరి ఆమె గొలుసు తాకట్టునకు ఎందుకు పోయినది?

మొదటి నెలలలో పిల్లవాడు ఆస్పత్రిలోనే ఎక్కువగా ఉండును. వెన్నులో సూది, చేతిలో సూది, మాటిమాటికి రక్తపరీక్ష. తెల్లకణములు పడిపోయిన రోజులలో జ్వరము వచ్చినచో అది ఏ వేళయైనను తెల్లవారువరకు ఆగరాదు, ఆస్పత్రికి పరుగెత్తవలసినదే. జనము క్రిక్కిరిసిన బస్సులోను, లోకల్ రైలులోను అట్టి బిడ్డను ఎక్కించుటకు తల్లికి ధైర్యము చాలదు. టాక్సీకి రసీదు లేదు, ఉన్నను దానిని బిల్లులో పెట్టినచో ఆ డబ్బు వచ్చునను నమ్మకము లేదు. మందుల సొమ్ము తిరిగి వచ్చును గాని, వచ్చులోపల ఇంటి అద్దెకన్న పెద్ద మొత్తము చేతినుండి పోయి ఉండును. పాత ఉద్యోగులు ఇట్టి ఆపదలో జి.పి.ఎఫ్. నుండి తీసికొనెడివారు. 2004 జనవరి 1 తరువాత కొలువులో చేరినవారికి సామాన్యముగా ఆ ఖాతాయే లేదు.

సొమ్ముకన్న ముందు తరిగిపోవునవి సెలవులు. శిశుసంరక్షణ సెలవు 2008లో వచ్చినది. సర్వీసు మొత్తమునకు 730 రోజులు. 2018 సవరణతో ఒంటరి తండ్రులకును అది వర్తించినది. మొదటి 365 రోజులకు పూర్తి జీతము, పిదప నూటికి ఎనుబది. అదే సవరణ ప్రకారము ఒకసారి తీసినచో అయిదు రోజులకు తక్కువ కారాదు; ఏడాదికి మూడు విడతలు, ఒంటరి స్త్రీకి ఆరు. ఉదారమైన నియమమే. కాని నిలకడ మందుల దశలో పిల్లవానిని చూపించవలసినది ఒక్కొక్క రోజు చొప్పున, మాటిమాటికి. ఒక్క రోజు పనికి అయిదు రోజులు వ్రాయవలెను. విడతలు వేసవి ముగియకుండగనే ఐపోవును. ఆకస్మిక సెలవులు ఏడాదికి ఎనిమిదే. పైగా ముందుగా మంజూరు కావలెను. రాత్రి రెండు గంటలకు వచ్చు జ్వరము అర్జీ పెట్టుకొని రాదు గదా! ప్రొబేషనులో ఉన్నవారికి ఈ సెలవు మిక్కిలి విషమ పరిస్థితులలో తప్ప ఇయ్యరు. ఇది విషమ పరిస్థితియా కాదా యని తేల్చవలసినది పైయధికారి.

ఆడపిల్ల సంగతి ఎవరును అడుగరు. బడినుండి వచ్చి అన్నము వండుకొని తలుపు గడియపెట్టుకొనును. తరగతిలో ఎవరికైన ఆటలమ్మ పోసినదని తెలిసిన రోజున ఇంటికి వచ్చి ఆ మాట చెప్పవలెనా, దాచవలెనా అని గుమ్మములో నిలబడిపోవును. చెప్పినచో తమ్మునికి దూరముగా పక్కయింట పడుకొనవలెను. ఆమె చెప్పినది.

అన్నిటికన్న ప్రమాదమైన కాలము జబ్బు తగ్గినట్లు కనబడు కాలము. జుట్టు మొలచినది, పిల్లవాడు మెట్లమీద పరుగెత్తుచున్నాడు. "ఇంకను ఆ మాత్రలు ఎందుకమ్మా? మొక్కు తీర్చుకొని ఊరిలో ఉండిపొండి" అని అత్తగారు ప్రేమతోనే అన్నది. ప్రతిదినము ఒక మాత్ర, వారమునకొకనాడు మెథోట్రెక్సేట్. ఇవి మధ్యలో మానుకొన్న పిల్లలకు జబ్బు మరలివచ్చు భయము మెండు. ఈ దేశములో ఎందరో పిల్లలను పోగొట్టుకొన్నది ఇట్లే. ఆమె ఊరికి పోయినది, మొక్కు తీర్చినది, మాత్రల డబ్బా సంచిలోనే ఉన్నది. స్లీపరులో క్యాన్సరు రోగికి టిక్కెట్టు పూర్తిగా మినహాయింపు, తోడుపోవువారికి ముప్పాతిక మినహాయింపు. కాని అది చికిత్సకు పోవు ప్రయాణములకే కనుక ఊరి ప్రయాణమునకు ఆమె పూర్తి చార్జీలు చెల్లించినది.

ఇట్టి ఇంటికి సంఘము చేయదగిన సాయమేమి? పిల్లవాని ఛాయాపటము సంచికలో వేసి చందా వసూలుచేయుట సులభము. ఆమె దానిని కోరదు. ప్లేట్‌లెట్లు తీసిన తరువాత అయిదు రోజులకు మించి నిలువ ఉండవు. కనుక కబురు అందిన పూట వచ్చి ఇచ్చు మనుషులు కావలెను. బిల్లు నింపుటలో ఆరితేరిన గుమాస్తా ఒకరు ఆదివారము కూర్చుండి వోచర్లు వరుసపెట్టవలెను. రాత్రి ఆడపిల్లకు తోడుగా పడుకొనుటకు ఒక పిన్నిగారు కావలెను. ఆ క్వార్టర్లలో ఈ మూడవది ముందుగా దొరకినది, అడుగకుండగనే.

కిందటి ఉగాదికి పిల్లవాని కణములు పడిపోయి ఉన్నవి. పచ్చి వస్తువు పెట్టవద్దని వైద్యుల ఆజ్ఞ. పక్కింటివారు పచ్చడి గిన్నె తెచ్చిరి. తల్లి దానిని కూతురికిచ్చి, మామిడిముక్కలను, చింతపండు పులుసును బెల్లముతో ఉడికించి, వేపపువ్వు నేతిలో వేయించి కలిపినది. వాడు ఒక చెంచా తిని, చేదు చాలలేదని ఇంకొంచెము పువ్వు అడిగినాడు.