చాంపియన్ స్టేషను నుండి అబూదాబీ దాకా
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఇంతకుముందే పంచాంగ శ్రవణం జరిగింది. ఎవరి రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో అందరూ విన్నారు. ఆ వెంటనే మేము చేసిన ఒక పెద్ద వ్యయం గురించి చెప్పవలసి వచ్చింది. పాట వినడానికి పరదేశం పోయివచ్చిన సంగతి చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. "ఆ కేకలు వినడానికి అంత దూరం పోవాలా?" అని కొందరు పెద్దల ప్రశ్న. ఇద్దరికీ కలిపి ఇదే మా జవాబు.

పోయినది మేమూ, మా తమ్ముడూ. మేము రైల్వేలో గుమాస్తాలము, చదువు మెట్రిక్. తమ్ముడు మనలో చాలామంది పిల్లలవలెనే రోజూ మారికుప్పం బండిలో బెంగుళూరు పోయి పనిచేసి రాత్రికి ఇల్లు చేరేవాడు.

మన ఊళ్ళో రాక్ సంగీతమంటే మొదటనే ఒక చిక్కు వస్తుంది. ఇతర చోట్ల రాక్ అంటే గిటారు, డ్రమ్ములు. ఇక్కడ రాక్ అంటే బండ. రాక్ బరస్ట్ అంటే భూమి లోపల ఆ బండ పగిలి మనుషుల మీద పడడం. చాంపియన్ రీఫ్స్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేవరకు మా నాయన ఆ లోపల పనిచేసినవారు. "రాక్ వినడానికి పోతాము నాయనా" అంటే ఆయన, "ఆ చప్పుడు వినబడితే మేము పరుగెత్తేవాళ్ళంరా. మీరు దుడ్డిచ్చి వినడానికి పోతారా?" అన్నారు.

మేము వినదలచినది కోల్డ్‌ప్లే అనే ఇంగ్లీషు బృందాన్ని. లండనులో యూనివర్సిటీ కాలేజీలో చదువుకొనే రోజుల్లో కలిసిన నలుగురు యువకులు కట్టుకొన్న మేళం అది. 2000లో వారి మొదటి ఆల్బం 'పారాచూట్స్' వచ్చింది. 2016 నవంబరులో ముంబయిలో ఒక పెద్ద ఉత్సవంలో వాయించి వెళ్ళారు. లోకమంతా పాటపాడే క్రిస్ మార్టిన్‌ను చూస్తుంది. మాకు మాత్రం వెనుక కూర్చొని డ్రమ్ములు వాయించేవాడే ఇష్టుడు. ఆయన పేరు విల్ చాంపియన్. మీరు నవ్వుతున్నారు, మేమూ నవ్వుకొన్నాము. మన స్టేషను బోర్డు మీది పేరు ఇంటిపేరుగా గలవాడు లోకంలో ఒకడున్నాడని తెలిసిన నాటినుండి ఆయన మా ఊరివాడే. ఈయన గిటారు, పియానో, వయొలిన్ నేర్చినవాడు. మేళంలో చేరడానికే డ్రమ్ములు పట్టాడు. తొలి రోజుల్లో ఒకసారి ఈయనను తీసివేసి, పొరపాటు తెలుసుకొని మరల పిలుచుకొన్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు నాయన కొంతసేపు మాట్లాడలేదు. "మరల పిలిచినారా? అదృష్టవంతుడు" అన్నారు.

2025 జనవరి 18, 19, 21 తేదీల్లో ముంబయిలోను, 25, 26 తేదీల్లో అహమ్మదాబాదులోను కచేరీలని ప్రకటన వచ్చింది. అహమ్మదాబాదుకు పశ్చిమ రైల్వేవారు ప్రత్యేక రైళ్ళు కూడా వేశారు. రైల్వేలో ఉండికూడా ఆ బండి ఎక్కే భాగ్యం మాకు లేకపోయింది. 2024 సెప్టెంబరు 22న ముంబయి కచేరీల టిక్కెట్లు అమ్మకానికి పెట్టినప్పుడు అన్నదమ్ములిద్దరం రెండు ఫోనులు పట్టుకొని కూర్చున్నాము. మా ముందు వరుసలో లక్షలమంది! మా వంతు వచ్చేసరికి ఏమీ మిగలలేదు. ఎన్నో ఇంతలు ధరకు అమ్మజూపినవారు లేకపోలేదు, మేము కొనలేదు. అబూదాబీలో జనవరి 9, 11, 12, 14 తేదీల్లో కచేరీలున్నవని తమ్ముడు కనిపెట్టాడు. 14వ తేదీకి అసలు ధరకే రెండు టిక్కెట్లు దొరికినవి. ఆ రోజు సంక్రాంతి.

పోదలచిన పిల్లలకు రెండు మాటలు. మా రైల్వే పాసు సముద్రం ఒడ్డుతో సరి. సర్కారు ఉద్యోగులు విదేశం పోవాలంటే ముందుగా శాఖ అనుమతి తీసుకోవలెను. పాస్‌పోర్టుకు మా మెట్రిక్ సర్టిఫికేటే అక్కరకు వచ్చింది. అది ఉన్నవారికి వలసపోయేవారి తనిఖీ ముద్ర పడదు. పెట్టెలో ఏళ్ళతరబడి పడియున్న కాగితానికి ఆ రోజు గౌరవం కలిగింది.

అన్నిటికంటె కష్టం ఇంట్లో అనుమతి. మూడేళ్ళు చీటీ కట్టి కూడబెట్టిన డబ్బు అది. ఇంటి పైకప్పు రేకులు మార్చడానికని అమ్మ దానిమీద కన్నువేసి ఉన్నది. "పండగపూట కొడుకులు లేని ఇల్లు, వానకు కారే ఇల్లు, రెండూ నాకేనా?" అన్నది. దానికి మావద్ద జవాబు లేదు. జవాబు నాయన ఇచ్చారు. మా తాత చిత్తూరు వైపునుండి ఇక్కడికి వచ్చిన కొత్తలో, తెల్లదొరల క్లబ్బులో బ్యాండు వాయిస్తూంటే గోడబయట నిలబడి వినేవారట. ఒక రాత్రి కాపలావాడు కర్రతో తరిమాడట. తాత ఆ పాటను చచ్చేదాకా ఈలవేస్తూనే ఉన్నారు. "మీరు పోయి లోపల కూర్చొని వినిరండి. రేకులు వానాకాలంలోగా వేయిద్దాము" అన్నారు నాయన.

పోయినాము. జాయెద్ స్పోర్ట్స్ సిటీ స్టేడియంలో లోపలికి పోయేటప్పుడు ప్రతివాని మణికట్టుకు ఒక పట్టీ ఇచ్చారు. దీపాలార్పి పాట మొదలుపెట్టగానే వేలకొలది పట్టీలు ఒక్కసారిగా వెలిగినవి. మాకు నాయన టోపీదీపం జ్ఞాపకం వచ్చింది. షిఫ్టు దిగేటప్పుడు అందరి దీపాలూ ఒకేసారి వెలిగితే ఇట్లాగే ఉండేది కాబోలు. ఆ సంగీతయాత్రలో జనం గెంతితేను, సైకిలు తొక్కితేను పుట్టే విద్యుత్తును కూడా కచేరీకి వాడుకొన్నారు. 1902లోనే శివసముద్రంలో కావేరి నీటితో పుట్టిన కరెంటు నూటనలభై కిలోమీటర్లకు పైగా తీగల మీద మన గనులకు వచ్చింది. ఆ ఊరివాళ్ళం గనుక కరెంటు సంగతి మాకు వింత కాలేదు గాని, గెంతడానికి ఇదొక మంచి సాకు దొరికింది.

'వివా లా విడా' అనే పాటలో చాంపియన్‌గారు డ్రమ్ములతోపాటు ఒక గంట కూడా వాయిస్తారు. మేము కూర్చున్న చోటికి ఆయన అగ్గిపుల్లంత కనబడ్డారు. అయినా ఆ గంట గుండెలో మ్రోగింది. తమ్ముడు ఏడ్చాడు. మేము కూడా, ఎందుకు దాచడం?

కచేరీ ముగిసిన తరువాత పట్టీలు తిరిగి ఇచ్చివేయవలెను. ద్వారం దగ్గర పెట్టె పట్టుకొని నిలబడినవాడు మా మాట విని, "అన్నా, తెలుగోళ్ళా? ఎక్కడికెల్లి వచ్చిన్రు?" అన్నాడు. జగిత్యాల దగ్గరి పల్లెవాడు. వచ్చి తొమ్మిదేళ్ళయిందట. "పాట ఇననీకే గింత దూరం వచ్చిన్రా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యం. మాకు సిగ్గువేసింది. "నువ్వు విన్నావా?" అని అడిగాము. "గోడ బయట డ్యూటీ అన్నా. ఇనబడ్డది" అన్నాడు.

గోడబయట. మా తాత నిలబడిన చోటే అది.

తమ్ముడు ఫోనులో తీసిన పాట చూపబోయాడు. అతడు వద్దని, అమ్మ ఆ ఉదయం పంపిన సంక్రాంతి ముగ్గు ఫోటో చూపమన్నాడు. ఫోను చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. "మా బిడ్డ గూడ ఏసి ఉంటది" అని తిరిగి ఇచ్చాడు. వెనుక జనం తోసుకొస్తున్నారు. పేరైనా అడగకుండా వచ్చివేసినాము. ఆ బాధ ఇంకా ఉన్నది.

ఇల్లు చేరి నాయనకు గంట పాట చూపించాము. రెండుసార్లు చూశారు. మన గనిలో కేజ్ దించడం, ఎత్తడం అంతా గంట సంకేతం మీదనే కదా. "వీడు గంట సరిగ్గా కొడుతున్నాడు. షాఫ్టు మీద ఇట్లాంటివాడుంటే దిగడానికి భయం లేదు" అన్నారు. ఇంతకంటె పెద్ద మెప్పు ఆ చాంపియన్‌గారికి ఏ పత్రికలోను రాలేదని మా నమ్మకం.

కనుక పెద్దల ప్రశ్నకు మా జవాబు ఇది. పోవచ్చును. అప్పుచేసి పోకూడదు; ఇంట్లోవారి మనసు కష్టపెట్టి పోకూడదు; కష్టపెడితే తిరిగి వచ్చి రేకులు వేయించవలెను. మేము ఓవర్‌టైము చేసి ఆ చీటీ మరల కడుతున్నాము.

సంఘానికి ఒక్క మనవి. ఈ సాయంత్రం సంగీత కార్యక్రమానికి ఎప్పటివలెనే గేటు మూసి చందాదారులను మాత్రమే పిలువదలచినట్లు విన్నాము. దయచేసి గేటు తెరచి ఉంచండి. పందిరి వేసినవారు, నేల ఊడ్చినవారు, వాకిట్లో బండ్లు పెట్టుకొన్నవారు కూడా లోపలికి వచ్చి కూర్చోనీయండి. కుర్చీలు చాలకపోతే మేమిద్దరం నిలబడతాము. మనమందరమూ ఎవరి గోడబయటనో నిలబడి విన్నవారి మనుమలమే.