బందరులో షిరాజ్ సీసా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటిసారి డి.ఏ. బకాయిల మీద మాట్లాడి మీ అందరికీ తలనొప్పి తెప్పించాను. ఈసారి కార్యదర్శిగారు "ఏదైనా సరదా సంగతి చెప్పండి" అన్నారు. పాత వైను గురించి చెబుతానంటే ఆయన నా ముఖం కేసి చూశారు. మన ఊళ్లో వైన్ షాపంటే వైను తప్ప అన్నీ దొరికే చోటు గనుక ఆయన అనుమానం సహజమే.

ముందుగా ఒక మాట. నేను తాగుడును సమర్థించడానికి రాలేదు. గుడివాడలో ఉండే మా తమ్ముడు 1991లో సారాకే బలైపోయాడు. ఆ మరుసటి ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారని పేపర్లో చదివి మా ఆవిడ ఏడ్చింది. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. మా ఇంట్లో మాత్రం ఎవరూ సడలించలేదు.

అటువంటి ఇంటికి 2007లో, నేను రిటైరైన ఏడాది, అడిలైడ్‌లో ఉంటున్న మా పెద్దవాడు రెండు సీసాలు తెచ్చాడు. బరోసా లోయలో 1998లో పండిన షిరాజ్ ద్రాక్షతో చేసిన వైను. "నాన్నగారూ, ఇది ఇప్పుడు తాగేది కాదు, పదేళ్లు దాచేది" అన్నాడు. వాళ్లమ్మ వాడితో రెండు రోజులు మాట్లాడలేదు. వాడు వెళ్లేనాడు మాత్రం, "ఉంచితే ఉంచండి, నా కంట పడకూడదు" అంది.

షిరాజ్ అనే మాట వినగానే నాకు మన బందరు గుర్తొచ్చింది. షిరాజ్ పర్షియాలో ఊరు. మన "బందరు" అన్న మాట కూడా పారశీకమే, రేవు అని అర్థం. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు ఇదే. ఇక్కడి కలంకారీ అద్దకాలు ఓడలెక్కి పర్షియా వెళ్లేవి. 1611లో ఇంగ్లీషు వాళ్లు ఇక్కడ దిగారు. డచ్చి వాళ్లు అంతకుముందే వచ్చారు. వారి సమాధులు బందరులో మీరు చూసే ఉంటారు. ఆ రోజుల్లో షిరాజ్ వైను ఓడల మీద ఇండియాలోని కంపెనీ దొరలకు వచ్చేది. జాన్ ఫ్రయర్ అనే కంపెనీ వైద్యుడు 1673లో బందరులో దిగి, తరువాత 1677లో పర్షియా వెళ్లి, షిరాజ్ చూసి అక్కడి వైను గురించి రాశాడు.

ఆ ఊరికీ ఈ ద్రాక్షకూ బంధుత్వం ఉందని చాలాకాలం నమ్మారు. 1998లో డి.ఎన్.ఎ. పరీక్ష చేస్తే ఆ కథ తేలిపోయింది. సిరా అనే ఈ ద్రాక్ష ఫ్రాన్సులో రోన్ నది ప్రాంతంలోనే, దురెజా, మొందూజ్ బ్లాంష్ అనే రెండు రకాలకు పుట్టింది. ఆస్ట్రేలియా వెళ్లాక షిరాజ్ అనే పేరు స్థిరపడింది. సర్వీసు రిజిస్టరులో ఒక పేరు, ఊళ్లో ఒక పేరు, మనవాళ్లలో లేదా ఏమిటి!

దాస్తే బాగుపడడమేమిటని మీరడగవచ్చు. దివిసీమలో పొద్దున దించిన తాటికల్లు సాయంత్రానికే పులిసిపోతుంది. పాత బియ్యం మాత్రం ఏడాది గాదెలో ఉంటేనే అన్నం పలుకు పలుకుగా అవుతుంది. వైనులోనూ ఆ రెండు రకాలూ ఉన్నాయి. ఎక్కువ భాగం కల్లు వంటివే, ఏడాది రెండేళ్లలో తాగేయవలసినవి. మంచి సిరాలో తొక్క నుంచీ గింజ నుంచీ వచ్చిన వగరు, పులుపు గట్టిగా ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు రంగుతో కలిసి మడ్డిగా అడుగుకు దిగుతుంది. నేరేడు రంగు ఇటుక రంగవుతుంది. పచ్చి పండు వాసన పోయి తోలు, ఎండు పండ్లు, మిరియాల వాసనలు మిగులుతాయి. మిరియమన్నది ఉత్త పోలిక కాదు. మిరియంలో ఉండే రొటండోన్ అనే పదార్థమే ఇందులోనూ ఉందని 2008లో ఆస్ట్రేలియా వాళ్లు కనిపెట్టారు. అయిదుగురిలో ఒకరి ముక్కుకు అది తెలియదట.

మన ఉద్యోగులకు నచ్చే కథ ఒకటుంది. పెన్‌ఫోల్డ్స్ కంపెనీలో మాక్స్ షూబర్ట్ అనే ఆయన 1951లో గ్రేంజ్ అనే షిరాజ్ వైను మొదలుపెట్టాడు. కొత్తలో రుచి చూసినవాళ్లు పెదవి విరిచారు. 1957లో ఆపేయమని పైనుంచి ఆర్డరు. ఆయన ఆపలేదు. మూడేళ్లపాటు నేలమాళిగలో రహస్యంగా చేశాడు. ఈలోగా పాత సీసాలు పక్వానికి వచ్చి రుచి తేలేసరికి, 1960లో మళ్లీ చేయమని ఆ పైవాళ్లే ఆర్డరిచ్చారు. ఆనాటి 1951 సీసా ఒక్కొక్కటి వేలంలో లక్ష ఆస్ట్రేలియా డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. మన ఆఫీసుల్లో అయితే మొదటి నెలలోనే మెమో వచ్చేది.

ఇక మా సీసాల సంగతి. దాచడానికి పన్నెండు నుంచి పదిహేను డిగ్రీల చల్లదనం, చీకటి, కొంత తేమ ఉండాలి, కదలిక ఉండకూడదు. బిరడా ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టాలి. బందరులో తేమకు లోటు లేదు. చల్లదనం ఎక్కడి నుంచి తేవాలి? మే నెలలో నలభై దాటుతుంది. నేను ముప్పై ఏళ్లు రికార్డు రూములో పనిచేసినవాణ్ణి, కాగితానికైనా ఉక్క ఎంత చేటో తెలుసు. అందుకని ఒక సీసా పాత పంచెలో చుట్టి బీరువా అడుగున పెట్టాను. రెండోది ఫ్రిజ్‌లో కూరగాయల అరలో, గోనెగుడ్డ కప్పి. బెండకాయలు తీసినప్పుడల్లా మా ఆవిడ దాన్ని పక్కకు జరిపేది, ఏమీ అనేది కాదు.

2018 సంక్రాంతికి అబ్బాయి వచ్చాడు. బీరువా తీస్తే బిరడా పైకి పొంగి, అర మీద జిగురు మరక. గ్లాసులో పోస్తే ఉడికించిన జాము వాసన, పుల్లటి ఘాటు. పారబోశాం. ఫ్రిజ్‌లోదాన్ని ముందురోజే తీసి నిలబెట్టాం, మడ్డి అడుగుకు దిగాలని. బిరడా తీసేటప్పుడు ముక్కలైంది. కొవ్వొత్తి వెలుగులో మడ్డి కనిపించేదాకా మెల్లగా గాజు కూజాలోకి వంచాడు. అంత పాతదాన్ని గంటల తరబడి గాలికి వదలకూడదట. "రూము టెంపరేచరు" అంటే సీమ గదులది, పదహారు పద్దెనిమిది డిగ్రీలు, మన వరండాది కాదు.

అబ్బాయి మా ఆవిడ ముందు కూజా పెట్టాడు. "తాగొద్దమ్మా, వాసన చూడు చాలు" అన్నాడు. ఆమె చాలాసేపు చూసి, "మిరియాల చారులా ఉందిరా" అంది. నాకు మిరియం వాసనే రాలేదు, ఆ అయిదో మనిషిని నేనే అన్నమాట. నేను రెండు గుటకలు తాగాను. మెత్తగా, కాస్త వగరుగా, ఎండుద్రాక్షను తలపించింది. నాకు షుగరుంది, డాక్టరుగారు అంతకు మించి ఒప్పుకోలేదు. మందులు వాడే మిత్రులు ఆ రెండు గుటకలైనా అడిగి తాగండి.

ఆ రాత్రి మా ఆవిడ తనంతట తనే తమ్ముడి పేరెత్తింది. ఇరవై ఏడేళ్లకు మొదటిసారి. వాడి గుడివాడ సైకిలు, వాడి పాటలు, అన్నీ అబ్బాయికి చెప్పింది.

ఖాళీ సీసా పారేయలేదు. ఇప్పుడందులో నువ్వులనూనె ఉంటుంది.