మౌంటెన్ బైక్: ముందు సైజు, తర్వాత గాలి

మౌంటెన్ బైక్ కొనేటప్పుడు చాలామంది తమ ఎత్తు చెప్పి మీడియమో లార్జో తీసుకుంటారు. అది చాలదు. సీటు ఎత్తు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ తిరిగే గొట్టం పైకొస దాకా అడ్డంగా ఉండే దూరం, అంటే రీచ్, ఫ్రేముతోనే ఖాయమైపోతుంది. దిగుడు దారిలో పెడళ్ల మీద నిలబడే ఉంటాం కాబట్టి ఒంటికి సరిపడాల్సింది ఆ దూరమే. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ మార్చి సర్దుకోవచ్చు కదా అంటారు. కొంతవరకు నిజమే, కానీ దాంతో బండి తిరిగే తీరూ మారిపోతుంది.

ఇక గాలితో పనిచేసే సస్పెన్షన్. మీ బరువుకు అది ఎంత కుంగుతుందో ముందు చూడాలి. హెల్మెట్, నీళ్ల సంచితో సహా బండెక్కి, ఒకరిని పట్టుకోమని, పెడళ్ల మీద నిలబడండి. వెనక షాక్ మీది రబ్బరు రింగును సీలు దాకా జరిపి, కుదుపు లేకుండా దిగి చూడండి. షాక్ కదలిక 55 మిల్లీమీటర్లయితే రింగు 16 దగ్గర, అంటే దాదాపు 30 శాతం దగ్గర ఉండాలి. ముందు ఫోర్కుకు 20 శాతం చాలు. ఎక్కువ కుంగితే గాలి కొట్టాలి, తక్కువైతే తీయాలి. బరువును బట్టి ఎంత గాలో తయారీదారు పట్టికలో ఉందిగా అనవచ్చు. కానీ ఒకే షాకును రకరకాల ఫ్రేములకు బిగిస్తారు. లింకేజీ నిష్పత్తి, అంటే చక్రం కదలికకూ షాకు కదలికకూ ఉండే నిష్పత్తి, మారితే అదే మనిషికి కావలసిన గాలీ మారుతుంది. పట్టికతో మొదలుపెట్టి, రింగును చూసి సరిచేసుకోవాలి. కొత్త షాకుకు డబ్బు పోసేముందు ఈ పని చేసి తీరాలని నా గట్టి అభిప్రాయం. కుంగిన షాకు తిరిగి లేచే వేగాన్ని మార్చే రీబౌండ్ మీటను మాత్రం గాలి కుదిరాకే తిప్పండి.