ఉప్పునీటి తొట్టెలో గోధుమరంగు పూత

చేవెళ్ళ దాపున నున్న ఆలూరునకు సముద్రము 250 కిలోమీటర్లకు పైగా దూరము. అయినను లీటరు నీటికి సుమారు 35 గ్రాముల కృత్రిమ సముద్రలవణము కలిపి, అట్టి ఊరిలోను సముద్రపు చేపలను పెంచవచ్చును. చిక్కంతయు గోధుమరంగు పూతతోనే. దానితో విసిగి తొట్టెనే తీసివేయువారు కలరు.

కొత్త తొట్టెలో ఈ పూత కొన్ని వారములుండి తనంత తానే పోవును, కంగారు వలదు. తుడిచినకొలది మరల వచ్చుచున్నచో మాత్రము మేము నీటిని శంకింతుము. ఈ పూత సాధారణముగా డయాటములనెడి సూక్ష్మజీవుల గుంపు. అవి సిలికాతో తమ పెంకులు కట్టుకొనును. బోరునీరు రాతిపొరలలో ఊరుచు ఆ సిలికానే కరగించుకొని వచ్చును. తొట్టెలో నీరు ఆవిరియైనను సిలికా పోదు. తగ్గిన మేరకు మరల బోరునీరే పోయుదుమా, ఒక చేత తుడిచి వేరొక చేత మేత వేసినట్లే!

కాచి వడగట్టిన లాభము లేదు. ఆర్‌.ఓ. యంత్రము సిలికాను చాలవరకు ఆపును. మిగిలినదానిని అయానులను పట్టు రెసిన్ పట్టును. అయితే రెసిన్ శక్తి తీరునపుడు ముందుగా జారిపోవునది సిలికాయే. కనుక పోయిన పూత మరల కనుపించినచో తొలుత చూడవలసినది రెసిన్‌నే. మేత మితముగా వేయుటయు మేలే. రెసిన్ మార్చిన మరునాడే గాజు తేటపడదు. పాత సిలికా తరుగువరకు, వారమున కొకసారి కొంత నీరు మార్చుచుండవలెను.