పొరుగింటి భాషలో పాట



పిల్లలు వినే కొరియా పాటలు మీ చెవినా పడుతూనే ఉంటాయి. “ఏమిటే ఆ గోల?” అని నేనూ మా అమ్మాయిని కసురుకున్నదాన్నే. తరవాత కూర్చుని విన్నాను.

దక్షిణ కొరియాలో 2015లో ‘ట్వైస్’ అనే ఆడపిల్లల బృందం మొదలైంది. మొత్తం తొమ్మిదిమంది. అయిదుగురు కొరియా పిల్లలు, ఒకమ్మాయిది తైవాను. మోమో, సానా, మీనా జపాను వాళ్ళు. ఈ ముగ్గురూ ఊరుగాని ఊరొచ్చి, రాని భాష నేర్చుకుని పాడుతూ వచ్చారు. 2017 అక్టోబరు 18న ‘వన్ మోర్ టైమ్’ వచ్చింది. జపాను శ్రోతలకోసమే కట్టిన మొదటి సింగిల్ అది. ఈసారి తడుముకునే వంతు మిగతా ఆరుగురిది!

మన జానకమ్మగారు ఎన్ని భాషల్లో పాడలేదూ అంటారేమో. నిజమే. కాని 1910 నుంచి 1945 దాకా కొరియాను ఏలింది జపానే. చివరి ఏళ్ళలో బళ్ళలో కొరియా భాష చెప్పడమే మాన్పించింది. ఆ గాయం ఎంతటిదంటే, జపాను భాష పాటల రికార్డులు అమ్మడానికి కొరియాలో 2004 దాకా అనుమతి లేదు. ఆ కాలం చూసిన అమ్మమ్మల ముందు మనవరాళ్ళు జపాను పాట పాడడమంటే మాటలా?

జపాను వాళ్ళు మాత్రం అక్కున చేర్చుకున్నారు. మొదటి వారంలోనే 2 లక్షలకు పైగా అమ్ముడై, ఒరికాన్ వారపు పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ డిసెంబరు 31 రాత్రి ఎన్.హెచ్.కె. వారి ‘కోహకు’ పాటల కార్యక్రమానికీ పిలిచారు. 2011 తరవాత ఆ పిలుపు అందుకున్న మొదటి కొరియా బృందం ఇదే.

పాట మాటకొస్తే గొప్ప కవిత్వమేమీ కాదు, హుషారు పాట, అంతే. ఇప్పుడు మా అమ్మాయి అది పెడితే కసరను. “ఈ గొంతు జపాను పిల్లదా, కొరియా పిల్లదా?” అని అడుగుతాను. ఒక్కోసారి దానికీ తెలియదు.