ఇంట్లో ఎవరైనా ఆలస్యంగా లేచారా?



పట్టాలు అందుకుంటున్న వైద్య, నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులకు ఆపరేషన్ థియేటర్ సంగతొకటి చెబుతాను. గొంతులోకి గొట్టం వేసేముందు మత్తు డాక్టర్లు సక్సినైల్‌కోలిన్ ఇస్తుంటారు. థియేటర్లో దాని పేరు స్కోలిన్. నిమిషంలో కండరాలన్నీ సడలి ఊపిరి ఆగిపోతుంది. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఆ మందును విరగ్గొడితే, కొద్ది నిమిషాల్లోనే ఊపిరి మళ్లీ అందుకుంటుంది. ఆ ఎంజైమ్ పనిచెయ్యనివాళ్లకు గంటలు పడుతుంది. మత్తు దిగి మెలకువ వచ్చినా కనురెప్ప ఎత్తలేరు. వెంటిలేటరూ, విషయం తెలిసిన డాక్టరూ పక్కనుంటే భయం లేదు. లేకపోతే ప్రాణం మీదికొస్తుంది.

ఈ ఎంజైమ్ జన్యువు 3వ క్రోమోజోమ్ మీద ఉంది. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన బూపతి, మరికొందరు పరిశోధకులు 2006లో ఆర్యవైశ్యుల్లో ఈ ఎంజైమ్ లోపానికి కారణమైన మార్పును గుర్తించారు. జన్యువులో ఒక్క అక్షరం మారి, ప్రొటీన్‌లో 307వ చోట ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ వచ్చింది. ఈ ఎంజైమ్ లోపం మిగతావాళ్లకన్నా వైశ్యుల్లో దాదాపు 100 రెట్లు ఎక్కువ. పెళ్లి సంబంధాల్లో గోత్రం కలవకుండా ఎంత చూసుకున్నా, సంబంధం కులం దాటలేదు కదా, కొద్దిమంది పూర్వీకుల్లోని లోపం కులంలోనే తిరిగింది!

ఇది విని ఒక కులాన్ని వేలెత్తి చూపేవాళ్లుంటారు. వాళ్లకు హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందం 2017లో ప్రచురించిన లెక్క చూపించండి. దక్షిణాసియాలో పరిశీలించిన 263 సముదాయాల్లో 81 ఇలా కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగినవి. ఆ ప్రభావం ఫిన్లాండ్ వాళ్లకన్నా ఈ 81 సముదాయాల్లోనే ఎక్కువ. వైశ్యుల లోపం ముందు దొరికింది, అంతే.

ఇక ఆసుపత్రిలో మీరు చేయగలిగింది చెబుతాను. కర్ణాటకలోని బీదర్ జిల్లా చిమ్కోడ్ లాంటి ఊరి నుంచి రోగి బీదర్ వస్తాడు, అక్కణ్నుంచి హైదరాబాద్ వెళ్తాడు. ఆసుపత్రి మారినప్పుడల్లా పాత సంగతి వెనకే ఉండిపోతుంది. అందుకే కులం ఏదైనా సరే, "మీ ఇంట్లో ఆపరేషన్ తర్వాత ఎవరైనా ఆలస్యంగా లేచారా?" అని అడగండి. అవునంటే కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో రాయండి, డిశ్చార్జ్ కాగితం మీదా రాసివ్వండి. తోబుట్టువులకూ రక్తపరీక్ష చేయించండి. పురుగుమందు తాగినవాళ్లకు చేసే కోలినెస్టరేజ్ పరీక్షే ఇది, కొత్త యంత్రమేమీ అక్కర్లేదు.