గడియారపు ముఖమున వ్రాయదగిన మాట
(చల్లపల్లి పఠనాలయమున మేము చేసిన ఉపన్యాస పాఠము)



వాయిదాలతో కాలము వెళ్లబుచ్చు వకీళ్లకు గడియారమును గూర్చి మాటాడు నధికార మెక్కడిదని మీరు నవ్వవచ్చును. 2014లో ఆరంభమైన స్వచ్ఛ చల్లపల్లి పనికై తెల్లవారకమునుపే వీధికి వచ్చుట నేర్చినవారము గావున ఆ నవ్వులో సగము తగ్గింపుడని మనవి. గత వేసవి సెలవులలో మేము మా మేనల్లునితో గూడి యింట నొక చేతిగడియారమును కూర్చితిమి. ఆ పనిలో మాకు గలిగిన యొక ధర్మసందేహమే నేటి ప్రసంగవిషయము.

మొదట పనిని చెప్పెదము. గడియారమునకు ప్రాణము లోపలి యంత్రము. జపాను దేశపు సీకో సంస్థవారి ఎన్.హెచ్. 35 అను యంత్రము విడిగా దొరకును. అందు 24 రాళ్లు గలవు. దాని చక్రము గంటకు 21,600 సారులు, అనగా సెకనునకు ఆరుసారులు కొట్టుకొనును. స్ప్రింగు నిండుగా చుట్టుకొన్నచో సుమారు 41 గంటలు నడచును. చేయి కదలినప్పుడెల్ల లోపలి బరువు తిరిగి స్ప్రింగును చుట్టును, బ్యాటరీతో పనిలేదు. ఉక్కుపెట్టె, అద్దము, ముఖఫలకము, ముండ్లు, తోలుపట్టీ వేర్వేరుగా కొనవచ్చును.

కూర్చుట సులభమని తలపకుడు. ఫలకము వెనుకనున్న రెండు సన్నని కాళ్లను యంత్రపు రంధ్రములలో నిలుపవలెను. పిదప కీ త్రిప్పుచు తేదీ మారు క్షణమును కనిపెట్టి, అప్పుడే గంటలముల్లును సరిగా 12 మీద నొత్తవలెను. లేనిచో తేదీ పట్టపగలే మారును. మూడు ముండ్లును ఒకదాని నొకటి తాకరాదు. కీకి తగిలించు ఊచ పొడవుగా వచ్చును. దానిని కొలిచి కొలిచి, కొంచెము కొంచెముగా తెంపవలెను. మేము తొందరపడి మొదటి ఊచను మిల్లీమీటరు పొట్టిగా త్రుంచితిమి. తప్పువ్రాసిన దావాను సవరింపవచ్చును గాని తెగిన యుక్కు మరల పెరుగునా? రెండవది తెప్పించుటకు పదిదినములు పట్టెను. అద్దము క్రింద జిక్కిన ధూళికణ మొకటి రెండురాత్రులు మాకు నిద్ర లేకుండ జేసెను.

ఇక సందేహము. మేము కొన్న పెట్టె లక్షలు ఖరీదుచేయు స్విట్జర్లాండు గడియారముల రూపును పోలినది. దానికి దీటుగా మా మేనల్లుడు ప్రసిద్ధమైన విదేశీనామము ముద్రించిన ఫలకము నొకదానిని సంపాదించెను. "మామయ్యా, మనము అమ్ముట లేదు గదా! పేరున్న నేమి తప్పు?" అని యడిగెను. మేము చట్టము చూపితిమి. 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టము 103వ సెక్షను ప్రకారము పరుల చిహ్నమును సరకుపై అక్రమముగా నుంచువానికి ఆరునెలలు మొదలు మూడేండ్లవరకు ఖైదు, 50,000 మొదలు 2 లక్షల రూపాయలవరకు జుల్మానా. మోసపు తలంపు లేదని నిరూపించుకొను భారమును చేసినవానిదే. కాని చట్టమునకు వెరచి మాత్రమే మేము వలదనలేదు. ముఖముపై నసత్యమును ధరించిన యంత్రము సత్యమైన కాలమును చెప్పిననేమి, చెప్పకున్ననేమి?

మన పొరుగుననే యిందులకు పాఠము గలదు. బందరు చెంతనున్న చిలకలపూడి పనివారు రాగి, ఇత్తడిపై బంగారపు పూత పూసి నగలు చేయుదురు. వానిని వారు మేలిమి యని యమ్మరు. చిలకలపూడి బంగారమని తమ యూరిపేరనే యమ్ముదురు. పేరు నిజమైనందున ఆ పూతకును గౌరవము దక్కినది. స్విట్జర్లాండువారును తమ పేరు విషయమున నిట్టి పట్టుదలనే చూపుదురు. 2017 నుండి తయారీ ఖర్చులో 60 శాతమైనను ఆ దేశమున జరిగిననే గాని గడియారముపై ఆ దేశనామము వేయరాదని వారి నిబంధన.

అయినచో మాది స్వదేశీ యని చెప్పుకొనవచ్చునా? అదియు కూడదు. మా తండ్రిగారి ముంజేత నుండిన జనతా గడియారము హెచ్.ఎం.టి. వారిది. ఆ సంస్థ 1961లో బెంగుళూరున జపాను సిటిజన్ సంస్థ సాయముతో గడియారముల పని నారంభించినది. హైదరాబాదు ఆల్విన్ వారు 1980ల దశకమున సీకో సాయముతో నడిచిరి. పరులవద్దనే నేర్చినను వారు యంత్రభాగములను ఇచ్చట చేయ నేర్చిరి. మేము బిగించుట మాత్రమే నేర్చితిమి. హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిశ్చయించినది. హోసూరున టైటాన్ వారు యంత్రములు చేయుచుండుట మనకు ధైర్యము.

అట్లని కూర్పును తక్కువచేయము. 1910లో బందరున వెలసిన ఆంధ్రజాతీయ కళాశాల పుస్తకవిద్యతోపాటు చేతిపనిని గూడ విద్యయని యెంచినది. కోపల్లె హనుమంతరావుగారు న్యాయశాస్త్రము చదివియు తమ జీవితమును దానికే ధారవోసిరి. వ్రేళ్లకు దెలియని యంత్రము మనసునకును దెలియదు. నేడు బిగించు బాలుడే రేపు పండ్లచక్రమును కోయ నుత్సహించును.

మా గడియారము నడచుచున్నది. దినమునకు పండ్రెండు సెకనులు ముందునకు పరుగిడుచున్నది. ముఖఫలకమున ఏ పేరును లేదు. వెనుకమూతపై మా మేనల్లుడే కోరి తెలుగక్షరములు చెక్కించెను: "యంత్రము జపాను, కూర్పు చల్లపల్లి." ఆ మొదటి మాటను సిగ్గుపడక వ్రాయుదము, దానిని మార్చదగిన దినముకొరకు పనిచేయుదము.